తాతయ్యతో పాటు యుద్ధఖైదీగా ఉన్న స్నేహితుడి కుటుంబాన్ని ఎలా వెతకాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నాకు అర్థమైనంతలో విషయం ఇది. మీ తాతయ్య గాజువాక దగ్గర పల్లె నుంచి రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ లారీ డ్రైవరుగా వెళ్లారు. ఉత్తర ఆఫ్రికాలోని టోబ్రూక్‌లో పట్టుబడి, ఇటలీలోనూ తర్వాత జర్మన్ల దగ్గరా ఖైదీగా ఉండి, 1945లో తిరిగొచ్చారు. ఇప్పుడు పాత ఇల్లు పడగొడుతుంటే ఆయన ట్రంకు పెట్టెలో ఒక ఫోటో, పెన్సిలుతో తెలుగులో రాసిన ఖైదీ కార్డు ఒకటి దొరికాయి. రెండూ ఆయనవి కావు, ఆయనతో పాటు క్యాంపులో ఉన్న స్నేహితుడివి. ఫోటో వెనక ఇంగ్లీషులో సగం చెరిగిన నంబరు, కింద "సింహాచలం, వైజాగపటం డిస్ట్రిక్ట్" అని ఉంది. ఆ కార్డు ఆ ఇంటివాళ్లకి చేర్చాలన్నది మీ కోరిక.

దొరికే అవకాశం ఉంది. బాగానే ఉంది. కానీ మీరు మొదలుపెట్టిన చోటు సరికాదు. సింహాచలం అనే పేరు పట్టుకుని వెతకొద్దు. ముందు మీ సొంత తాతయ్య కాగితాలు తెప్పించుకోండి. అవి అడిగే హక్కు మనవరాలిగా మీకుంది. స్నేహితుడి కాగితాలు అడిగే హక్కు మీకు లేదు, అడిగినా ఇవ్వరు. తాతయ్య కాగితాల్లోంచి యూనిట్ తెలుస్తుంది, యూనిట్ తెలిస్తే స్నేహితుడి నంబరుకి అర్థం వస్తుంది, నంబరు వల్ల ఊరు తెలుస్తుంది. ఊరు తెలిశాక మిగతాది కాళ్లతో చేసే పని.

నా గురించి రెండు మాటలు. ఆర్మీలో క్లర్కుగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం రికార్డు ఆఫీసులోనే గడిపాను. రిటైరయ్యాక కంచరపాలెంలో స్థిరపడ్డాను. పదకొండేళ్లుగా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు కుటుంబాలకి ఇలాంటి కాగితాలు వెతికిపెడుతున్నాను. ఇప్పటికి పందొమ్మిది కేసులు చూశాను. పన్నెండింటిలో ఇంటి గుమ్మం దాకా వెళ్లగలిగాం. మీ దగ్గరున్నన్ని ఆధారాలు వాటిలో చాలావాటికి లేవు.

పేరు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మన వైపు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని కుటుంబం ఉంటుందా? అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాద్రి, సింహాచలం. ఒక్క ఊళ్లోనే నలుగురు సింహాచలాలు ఉంటారు, అందులో ఇద్దరు ఆడవాళ్లే అయినా ఆశ్చర్యం లేదు. భర్తీ రోజున పేరు రాసుకున్న క్లర్కుకి తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఇంటిపేరు చాలామందికి రాయనే లేదు, రాసినా పొడి అక్షరం ఒకటి. అప్పన్న అన్న పేరుకే నేను పాత కాగితాల్లో ఐదు రకాల స్పెల్లింగులు చూశాను.

ఇంకో అనుమానం కూడా ఉంది. మీరు సింహాచలం అంటే ఆ మనిషి పేరనుకున్నారు. అది ఊరి పేరు, లేదా రైలు స్టేషను పేరు కావచ్చు. "సింహాచలం, వైజాగపటం డిస్ట్రిక్ట్" అని ఒకే వరసలో ఉంటే అది చిరునామాలా ఉంది. పేరైతే ముందు సిపాయి అనో, డ్రైవర్ అనో, నాయక్ అనో హోదా ఉండేది, తర్వాత తండ్రి పేరు ఉండేది. ఫోటోని పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. సిరా పోయినా పాళీ నొక్కిన గాటు కాగితం మీద మిగులుతుంది. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. నంబరులో పోయిన అంకెలు నాకు రెండుసార్లు ఇలాగే దొరికాయి. రబ్బరుతో తుడవడం, తడిగుడ్డ పెట్టడం, లామినేషన్ చేయించడం మాత్రం వద్దు.

ఇక తాతయ్య కాగితాలు. లారీ డ్రైవరంటే దాదాపుగా రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, పాత కాగితాల్లో ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంటుంది. ఇప్పటి పేరు ఆర్మీ సర్వీస్ కోర్ (ఎ.ఎస్.సి.), దక్షిణాది రికార్డు ఆఫీసు బెంగళూరులో ఉంది. ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా రాస్తున్నాను: వంతెనలు కట్టే మద్రాస్ సాపర్స్, రోడ్ల పని చూసే పయొనీర్ కోర్ కూడా బెంగళూరే. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్, బండ్లు, యంత్రాలు బాగుచేసే ఇ.ఎం.ఇ. రెండూ సికింద్రాబాద్. సిగ్నల్స్ జబల్‌పూర్, ఆర్టిలరీ నాసిక్, మెడికల్ కోర్ లక్నో. తెలుగువాళ్లు ఆ యుద్ధంలో ఎక్కువగా వెళ్లింది రైఫిల్ పట్టే పటాలాల్లోకి కాదు, లారీలు, రోడ్లు, వంతెనలు, ఆసుపత్రులు చూసుకునే ఇలాంటి విభాగాల్లోకే. వంటవాడిగా, చాకలిగా, నీళ్లు మోసేవాడిగా వెళ్లినవాళ్ల పేర్లు వేరే రిజిస్టర్లలో ఉంటాయి. "మా తాత మిలిటరీయే గానీ సిపాయిల లిస్టులో లేడు" అన్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ఆయన అక్కడ ఏం పని చేశారని.

రికార్డు ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. తాతయ్య పూర్తి పేరు, వాళ్ల నాన్నగారి పేరు, ఊరు, నంబరు దొరికితే నంబరు, డిశ్చార్జి పుస్తకం ఉంటే దాని నకలు, మరణ ధ్రువీకరణ పత్రం, మీరు ఆయన వారసులని చూపే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఇవన్నీ జతచేయండి. అడగాల్సింది షీట్ రోల్ నకలు. అది లేకపోతే లాంగ్ రోల్‌లో ఆయన పేరున్న వరస.

ఈ రెండింటి తేడా తెలుసుకోవడం అవసరం. షీట్ రోల్ అంటే సిపాయి సర్వీసు చరిత్ర మొత్తం. అందులో తండ్రి పేరు, ఊరు, పోస్టాఫీసు, ఠాణా, తాలూకా, దగ్గర్లోని రైలు స్టేషను, ఒంటి మీద గుర్తులు, దగ్గరి బంధువు పేరు అన్నీ ఉంటాయి. కానీ యుద్ధం అయ్యాక పింఛను లేకుండా ఇంటికి పంపేసిన లక్షలమంది షీట్ రోల్స్ నిర్ణీత కాలం దాటాక నాశనం చేశారు. లాంగ్ రోల్ మాత్రం ఉంచుతారు. అందులో వివరాలు తక్కువే, కానీ మీకు పనికొచ్చేది ఒకటుంది. ఒకే రోజు, ఒకే చోట భర్తీ అయినవాళ్ల నంబర్లు పక్కపక్కనే పడతాయి. తాతయ్య నంబరు, ఫోటో వెనక నంబరు దగ్గర దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకే భర్తీలో చేరారని అర్థం. అప్పుడు ఆ స్నేహితుడిది కూడా మీ చుట్టుపక్కల తాలూకాయే అయ్యే అవకాశం ఎక్కువ.

స్నేహితుడి విషయంలో ఆఫీసుని సమాచారం అడగొద్దు. సమాచార హక్కు దరఖాస్తు వేసినా మూడో వ్యక్తి వ్యక్తిగత వివరాలని తిప్పి పంపిస్తారు, అది న్యాయమే. దానికి బదులు ఆ కుటుంబానికి ఒక ఉత్తరం రాసి, కవరు అంటించి, "ఈ నంబరు గల సిపాయి స్వగ్రామం చిరునామాకి దయచేసి పంపించగలరు" అని కోరండి. నేను ఆఫీసులో ఉన్న రోజుల్లో ఇలాంటి కవర్లు మేమే పోస్టు చేశాం. ప్రతిసారీ పంపుతారని మాటివ్వలేను. కానీ వద్దనడానికి వాళ్లకి కారణం ఉండదు.

దీనితో పాటే జెనీవాలోని అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీకి దరఖాస్తు పెట్టండి. యుద్ధఖైదీల పేర్ల కార్డులు వాళ్ల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు ఎక్కడ పట్టుబడ్డాడు, ఏ క్యాంపులో ఉన్నాడు, ఎక్కడికి మార్చారు అనేవి వాటిలో ఉంటాయి. రెండో యుద్ధం వివరాల కోసం దరఖాస్తులు ఏడాది పొడుగునా తీసుకోరు, కొన్ని తేదీల్లో పరిమిత సంఖ్యలోనే తీసుకుంటారు. వెబ్‌సైటు చూసి ఆ రోజు పొద్దున్నే పెట్టేయండి. ఇక్కడ కూడా అడగాల్సింది మీ తాతయ్య గురించే.

మీ కేసు ఇటలీ, జర్మనీది కావడం అదృష్టమని చెప్పాలి. టోబ్రూక్ 1942 జూన్ 21న లొంగిపోయింది, అక్కడ మనవాళ్లు వేలమంది చిక్కారు. ఇటలీ, జర్మనీ 1929 నాటి జెనీవా ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఖైదీల జాబితాలు రెడ్ క్రాస్‌కి అందాయి. జపాన్ ఆ ఒప్పందం మీద సంతకం చేసింది గానీ ఆమోదించలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు నలభై వేలకి పైగా భారత సిపాయిలు జపాన్ చేతికి చిక్కారు. వాళ్లలో చాలామంది గురించి ఇంటికి ఏళ్ల తరబడి ఒక్క ముక్క కూడా రాలేదు. న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకి కూలిపనికి తరలించినవాళ్ల సంగతి మరీ ఘోరం. అలాంటి కేసులు నా దగ్గరికి వస్తే ముందే చెప్పేస్తాను, కాగితం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని.

స్నేహితుడు తిరిగి రాలేదేమో అన్న అనుమానం కూడా ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సర్వీసులో చనిపోయినవాళ్ల పేర్లున్నాయి. దహనం చేసినవాళ్లకీ, దేహం దొరకనివాళ్లకీ స్మారక ఫలకాల మీద పేర్లుంటాయి. చాలా పేర్ల పక్కన ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, కొన్నిచోట్ల భార్య పేరు కూడా రాసి ఉంటుంది. అక్కడ వెతికేటప్పుడు విశాఖపట్నం అని కొట్టకండి, వైజాగపటం అని పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టండి. అక్కడ పేరు లేదంటే ప్రాణాలతో తిరిగొచ్చాడనడానికి గట్టి సూచన, అంతే. స్పెల్లింగు తేడా వల్ల తప్పిపోయి ఉండొచ్చు కూడా.

వైజాగపటం జిల్లా అంటే ఇప్పటి విశాఖ కాదు. ఇది మర్చిపోయి ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు. దాదాపుగా ఇవన్నీ 1942లో ఆ ఒక్క పేరు కిందే ఉన్నాయి. అంటే మీ మనిషి పలాస వైపువాడు కావచ్చు, పాడేరు వైపువాడు కావచ్చు. ఊరి పేరు దొరికినా అక్కడితో అయిపోదు. మన వైపు కొత్తపేటలు, కొత్తవలసలు, అగ్రహారాలు, పేటలు, పాలేలు ఎన్నో లెక్కలేదు. అందుకే షీట్ రోల్‌లో నేను ఊరి పేరు కంటే ముందు రైలు స్టేషను, ఠాణా చూస్తాను. స్టేషను పేర్లూ మారాయి. చికాకోల్ రోడ్ అంటే ఆమదాలవలసలో ఉన్న ఇప్పటి శ్రీకాకుళం రోడ్ స్టేషను. వాల్తేరు అని రాసి ఉంటే ఆ మనిషి వాల్తేరువాడని కాదు, ఆ రోజుల్లో విశాఖ స్టేషను పేరే అది.

ఒక కేసు చెప్తాను. ఒకాయన దగ్గర తన తండ్రి తెచ్చిన తోటి సిపాయి కాగితాలున్నాయి. అందులో ఒక మనియార్డరు రసీదు, ఒక ఉత్తరం. ఊరు కొత్తపేట. విశాఖ చుట్టూ ఉన్న కొత్తపేటలన్నీ రెండేళ్లు తిరిగారు. కాగితం మూలన ఆర్.ఎస్. (రైల్వే స్టేషను) అని, పక్కన చి.రోడ్ అని ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమదాలవలసలో దిగి, ఆ చుట్టుపక్కల మూడో ఊళ్లో అడిగితే దొరికింది. అది కూడా పేరు చెప్తే కాదు. రామకోవెల అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని "ఈ ఊళ్లో మిలట్రీ వోరిల్లు ఏది?" అని అడిగాం. వేలు పెట్టి చూపించాడు. ఆ ఇంట్లో మిలిటరీకి వెళ్లినవాడు పోయి ముప్పై ఏళ్లు దాటింది, ఇంటికి మాత్రం ఆ పేరే మిగిలింది.

సిపాయి తమ్ముడి భార్య ఒకావిడ బతికి ఉంది. తొంభై దగ్గర పడి ఉంటుంది. చదువు రాదు. ఉత్తరం ఆమె చేతికిస్తే అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. సంతకం దగ్గర ఆగి, "ఇది మా పెద్దబావగోరి సెయ్యేనమ్మా. మనియాడరు కాయితం మీద కూడా ఇలాగే తోక లాగీవోరు" అంది. రికార్డు ఆఫీసు ముద్రకి ఉన్న విలువ ఆ మాటకి నేనిచ్చాను. అందుకే ఊళ్లో అడిగేటప్పుడు యుద్ధం గురించి కాకుండా మనియార్డర్ల గురించి అడగమంటాను. సిపాయి జీతంలోంచి ఇంటికి నెలనెలా కొంత వచ్చేది. అది రావడం, ఆగిపోవడం, పోస్టుమాన్ రాక. ఇవి ఇంటి ఆడవాళ్లకి తరాల తరబడి గుర్తుంటాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడి జనం ఊళ్లు ఖాళీ చేసిన సంగతి కూడా ముసలివాళ్లకి మంచి గుర్తు. దానికి ముందా తర్వాతా అని అడిగితే తేదీలు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఒక్క మాటతో జాగ్రత్త. "మా తాత రంగం (అంటే రంగూను) వెళ్లాడు, యుద్ధంలో చిక్కుకున్నాడు" అని ఎవరైనా చెప్తే వెంటనే సిపాయి అనుకోకండి. ఉత్తరాంధ్ర నుంచి రంగూనుకి మిల్లుల్లో, ఓడరేవులో కూలికి వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది. 1942లో జపాన్ దాడికి వాళ్లు కాలినడకన తిరిగొస్తూ పడిన కష్టం సిపాయిల కష్టానికి తీసిపోదు. మలయా తోటల నుంచి తెలుగు, తమిళ కూలీలని జపాన్ వాళ్లు పట్టుకుపోయి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా రైలుమార్గం పనిలో పెట్టారు. వాళ్లలో ఎందరు చనిపోయారో పేరుపేరునా రాసిపెట్టినవాళ్లు లేరు. వాళ్ల పేర్లు సైన్యం రికార్డుల్లో ఉండవు, యుద్ధఖైదీల జాబితాల్లోనూ ఉండవు. ఇక్కడ విశాఖలోనే, బర్మా నుంచి వచ్చినవాళ్ల పేట బర్మా క్యాంపులో ఒక కుటుంబం నన్ను ఏడాది పాటు అడిగింది. చివరికి వాళ్ల తాత సిపాయి కాదని తేల్చి చెప్పాల్సి వచ్చింది. వాళ్ల మొహాలు చూడలేకపోయాను.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా ఒకసారి వెళ్లండి. రెండో యుద్ధం సైనికులకీ వాళ్ల భార్యలకీ ఆర్థిక సాయం ఇచ్చినప్పుడు చేసిన పేర్ల జాబితాలు అక్కడ ఉంటాయి. పెద్దాయన గానీ ఆయన భార్య గానీ ఎప్పుడైనా దరఖాస్తు పెట్టి ఉంటే దొరికిపోతారు. ఒక్క జిల్లాలో అడిగి ఊరుకోకండి, శ్రీకాకుళం, విజయనగరంలో కూడా అడగండి. మాజీ సైనికుడిగా ఆయనకి భూమి వచ్చి ఉంటే తహసీల్దారు ఆఫీసులో కూడా జాడ ఉంటుంది.

భూమి మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఆ సిపాయి పేరు, నంబరు, ఫోటో ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టొద్దు. విశాఖ చుట్టూ మాజీ సైనికుల భూముల ధరలు ఎక్కడికి వెళ్లాయో మీకు తెలుసు. "ఈ సైనికుడి వారసులు కావాలి" అని పెడితే సాయంత్రానికి నలుగురు వారసులు, ఇద్దరు బ్రోకర్లు తయారవుతారు. అసలు కుటుంబం మిమ్మల్ని కూడా వాళ్లలో ఒకరనుకుంటుంది. ఒక ఇంట్లో మేం గుమ్మం ఎక్కగానే "భూమి కాగితాల మీద సంతకాలైతే పెట్టం" అని తలుపేశారు. ఆ తలుపు తీయించడానికి నాలుగు నెలలు పట్టింది.

చివరిగా, ఆ ఇంటికి ఎలా వెళ్లాలో. ఇందులో నేను ఒక తప్పు చేశాను. ఒక సిపాయి కాగితంలో దగ్గరి బంధువు అన్నచోట ఇంట్లో ఎవరికీ తెలియని ఒక స్త్రీ పేరుంది. నేను దాన్ని అందరి ముందూ, వీధి అరుగు మీద, గట్టిగా చదివేశాను. ఆయన కూతురు లేచి లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. చదివే ముందు నేను ఆగి ఉండాల్సింది. ఖైదులో మూడు నాలుగేళ్లున్న మనిషి జీవితంలో ఇంటివాళ్లకి చెప్పనివి ఎన్నో ఉంటాయి. కొందరికి ఇంట్లో కర్మ కూడా చేసేశాక తిరిగొచ్చారు. కొందరు జర్మనీలో బోసు గారి దళంలో చేరారు, ఎక్కువమంది చేరలేదు. ఇటు ఉన్నవాళ్లూ అటు ఉన్నవాళ్లూ ఇంటికొచ్చాక నోరు విప్పలేదు. వాళ్లు ఎటు ఉన్నారో తీర్పు చెప్పే పని మనది కాదు.

కాబట్టి ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరితో, విడిగా మాట్లాడండి. "మా తాతయ్య, మీ తాతయ్య కలిసి ఉన్నారు. ఆయన రాసిన కార్డు మా ఇంట్లో ఉండిపోయింది, ఇచ్చి వెళ్దామని వచ్చాను" అనండి. అంతకు మించి వాళ్లు అడిగితేనే చెప్పండి. కార్డు మీరు ఇప్పటికే చదివి ఉంటారు. కానీ అందులో ఏముందో వాళ్ల కంటే ముందు మీరు చెప్పకండి, చేతికివ్వండి. నకలు ఉంచుకోవాలనిపిస్తే వాళ్లని అడిగి ఉంచుకోండి. కోతలు, నాట్ల రోజుల్లో వెళ్లకండి, ఇంట్లో ఎవరూ ఉండరు.

ఈలోగా ఇవాళే చేయగల పని ఒకటుంది. కార్డు ముందువైపు అచ్చులో పి.జి. అని, పక్కన ఒక అంకె ఉందేమో చూడండి. పి.జి. అంటే ఇటలీ భాషలో యుద్ధఖైదీలని, పక్కది వాళ్ల క్యాంపు నంబరు. 91 అయితే అది అవెజానో, అక్కడ ఉంచింది ఎక్కువగా మనవాళ్లనే. మీ తాతయ్య కూడా అదే క్యాంపని జెనీవా జవాబులో వస్తే, ఇద్దరూ కలిసి ఉన్నారన్నది రూఢి అవుతుంది. ఆ అంకె కనిపిస్తే ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చెప్తాను. పేరు, నంబరు మాత్రం రాయకండమ్మా.